వియ్యంకుని కారు

1988 ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం ఉదయం ఇద్దరు పెద్దమనుషులు గుడివాడ బస్టాండులో దిగారు. ఒకరు తెనాలిలోని ఒక ఉన్నత పాఠశాలలో ముప్పయి ఒక్క సంవత్సరాలు భౌతికశాస్త్రం బోధించి, అంతకు ముందు సంవత్సరమే ఉద్యోగ విరమణ చేసిన మేష్టారు. రెండవవాడు బెజవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు నడుపుకొనే వృద్ధ మెకానిక్కు. మేష్టారి చేతిలో ఒక అరటి అత్తం, మల్లెపూల పొట్లం ఉన్నాయి. కూతురి అత్తవారింటికి వట్టి చేతులతో పోరాదు కదా. మేస్త్రీ చేతిలో ఒక ఖాకీ సంచి ఉంది. ఆ సంచిలో ఉన్న పనిముట్లను గురించే మేష్టారు దారి పొడవునా మథనపడుతూ వచ్చారు.

సంగతి ఇది. మేష్టారి రెండవ కుమారుడు డిగ్రీ పూర్తిచేసి మూడేళ్లయినా ఉద్యోగం దొరకలేదు. కారు నడపడం మాత్రం నేర్చుకొన్నాడు. తెనాలి రైల్వేస్టేషను వద్ద టాక్సీ పెట్టుకొంటే కుర్రవాడు తన కాళ్లమీద తాను నిలబడగలడని ఇంటిల్లిపాదీ నిశ్చయించారు. ప్రావిడెంటు ఫండు సొమ్ములో ఇంటి మరమ్మతులు పోగా మిగిలినది ఒక పాత కారుకు సరిపోతుంది, అంతకు మించి సరిపోదు. సరిగ్గా ఆ సమయంలో గుడివాడ నుంచి వియ్యంకుడుగారి ఉత్తరం వచ్చింది. ధాన్యం వ్యాపారంలో స్థితిమంతులైన వారు కొత్తగా మారుతి కారు కొనబోతున్నారు. తమ 1978 నాటి అంబాసిడర్‌ను అమ్మదలచారు. ‘మన బండి పరాయివాళ్ల పాలు కావడమెందుకు బావగారూ, చినబాబుకే ఇచ్చేద్దాం. 34 వేలు ఇప్పించండి’ అని వ్రాశారు.

పరాయివాడి కారయితే మేష్టారికి ఏ సంకోచమూ ఉండేది కాదు. నలుగురిని విచారించి, నాలుగు లోపాలు ఎత్తి చూపి, నాలుగు వందలైనా తగ్గించుకొని కొనేవారు. కాని పిల్లనిచ్చిన చోట అడిగే ప్రతి ప్రశ్నకూ రెండు అర్థాలుంటాయి. ‘ఇంజను బాగుందా?’ అన్న మాట ‘మీరు నన్ను మోసం చేయడం లేదు కదా?’ అన్నట్లు వినిపిస్తుంది. ముప్పయి ఒక్క సంవత్సరాలు ఇతరుల పిల్లలకు పరీక్షలు పెట్టిన మనిషి ఈ ఒక్క పరీక్ష పెట్టడానికి సిగ్గుతో చితికిపోయారు.

కారును ‘ఊరకే ఒకసారి చూసిపెట్టు’ అని మేస్త్రీని కోరినప్పుడు అతడు ఒక ప్రశ్న వేశాడు: “చూడడమంటే ఏమిటి మేష్టారూ? పైన చూడమంటారా, లోపల చూడమంటారా? పైన చూడడానికి మీ కళ్లు చాలు.”

ఆ ప్రశ్నలో సెకండ్ హ్యాండు కార్ల వ్యాపార రహస్యమంతా ఉంది. టైర్ల అరుగుదల కంటికి కనబడుతుంది. సీట్ల చిరుగులు, తలుపుల తుప్పు, రంగు వెలిసిన చోటు దాచినా దాగవు. దాగినా బాగుచేయించడానికి పెద్దగా ఖర్చు కాదు. ఇంజను సంగతి అలా కాదు. అరిగేది లోపల, అరుగుదల దాగేదీ లోపలే. సిలిండరు గోడలు, పిస్టన్ రింగులు, వాల్వులు, బేరింగులు – వీటిలో ఏది పాడైనా విప్పి చూస్తే తప్ప నిశ్చయంగా తెలియదు. అమ్మేవాడు ఇంజనును విప్పనివ్వడు. ‘ఇంజను బోరుకు వచ్చింది’ అన్న ఒక్క మాటతో కారు విలువ ఎంత పడిపోతుందో, కొన్న నెల తరువాత ఆ మాట విన్నవాడి ముఖం ఎలా మారుతుందో ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు నిలబడినా చూడవచ్చు.

విప్పకుండానే లోపలి సంగతి తెలుసుకోవడానికి మార్గాలు లేకపోలేదు. వాటికి మొదటి నియమం ఇంజను చల్లగా ఉండడం. రాత్రంతా కదలని ఇంజను ఉదయాన తొలిసారి మేల్కొన్నప్పుడు తన రోగాలన్నీ బయటపెడుతుంది. వేడెక్కిన తరువాత లోహం వ్యాకోచించి, నూనె అన్ని సందులకూ పాకి, చాలా లోపాలు కప్పబడిపోతాయి. కనుక తాము వచ్చేలోగా ఇంజనును స్టార్టు చేయవద్దని ముందే చెప్పి పంపమన్నాడు మేస్త్రీ. మేష్టారు ఆ మాట వ్రాయడానికి కార్డు తీశారు, రెండు సార్లు వ్రాసి చించివేశారు. చివరకు ‘ఆదివారం వస్తున్నాము’ అని మాత్రం వ్రాశారు.

ఫలితం వీధి మలుపులోనే వినబడింది. కారును తెల్లవారకముందే కడిగించి, తుడిపించి, బావగారు వస్తున్నారని మర్యాదకు డ్రైవరు చేత ఇంజను ఆన్ చేయించి ఉంచారు వియ్యంకుడుగారు. వేపచెట్టు నీడలో తెల్లని అంబాసిడర్ పెళ్లికొడుకులా మెరిసిపోతూ సన్నగా గురగురలాడుతోంది. బానెట్ లోపల ఇంజను కూడా నిగనిగలాడుతోంది. మేస్త్రీ దానిని చూసి సంతోషించలేదు. దుమ్ము పట్టిన ఇంజను మీద నూనె కారిన జాడలు స్పష్టంగా తెలుస్తాయి. కడిగిన ఇంజను ఏమీ చెప్పదు. అతడు రేడియేటరు మీద అరచేయి పెట్టి చూసి వెంటనే తీశాడు.

“మంచి ఎండలో వచ్చాం బాబుగారూ, కాస్త సేద తీరి భోజనాలయ్యాక చూద్దాం. బండిని కూడా విశ్రాంతి తీసుకోనివ్వండి” అన్నాడు. ఇంజను ఆపించారు.

ఆ విధంగా ఒక కారు చల్లారడం కోసం ఇద్దరు మనుషులు దాదాపు ఆరు గంటలు వేచి ఉన్నారు. భోజనాలు ఘనంగా జరిగాయి. కుమార్తె వడ్డిస్తూ వచ్చి, తండ్రి విస్తరిలో పెరుగు వేసేటప్పుడు వంగి, ఎవరికీ వినబడకుండా “జాగ్రత్త నాన్నా” అన్నది. ఆ జాగ్రత్త ఇంజను విషయంలోనా, మామగారి విషయంలోనా అన్నది మేష్టారికి బోధపడలేదు. అడగడానికి వీలు కూడా లేకపోయింది.

చావడిలో పడక కుర్చీలో కన్నుమూసి ఉండగా ఆయనకు అయిదేళ్ల క్రితం తమ ఇంట్లో జరిగిన పెళ్లిచూపులు జ్ఞాపకం వచ్చాయి. ఈ వియ్యంకుడుగారే నలుగురు బంధువులతో వచ్చి కూర్చొన్నారు. అమ్మాయి చేత ఒక కీర్తన పాడించారు. నాలుగడుగులు నడిపించారు. డిగ్రీలో వచ్చిన మార్కులు అడిగారు. జాతకం ఇద్దరు సిద్ధాంతులకు చూపించారు. ఇరుగుపొరుగులను విచారించారని కూడా తరువాత తెలిసింది. ఆ రోజు ఎవరూ దానిని అవమానమనుకోలేదు. మేష్టారే స్వయంగా మార్కుల కాగితాలు తెచ్చి చూపించారు. ఒక ఆడపిల్లను అంతగా పరీక్షించడం మర్యాద అయినప్పుడు, పదేళ్ల పాత కారు మూత తీసి చూడడం అమర్యాద ఎలా అవుతుందన్న ప్రశ్న ఆయన మనసులో మెదిలింది. ప్రశ్న న్యాయమైనదే. అయితే అది నోట పలికేది కాదు.

మూడున్నరకు మేస్త్రీ లేచాడు. ఏప్రిల్ ఎండలో ఇంజను పూర్తిగా చల్లారిందనలేము గాని, చేయి ఆనించి ఉంచవచ్చు. రేడియేటరు మూత తీసి నీటిలోకి చూశాడు. నూనె తెట్టె లేదు. రాకర్ కవరు మీది నూనె మూత తీసి, లోపలి వైపు వేలితో తుడిచాడు. అక్కడ మీగడలాంటి తెల్లని జిగురు ఉంటే నీరు నూనెలో కలుస్తున్నదని అర్థం. అదీ లేదు. డిప్ స్టిక్ తీసి, నూనె చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాడు, గరుకు తగలలేదు. ఎండ వైపు తిప్పి చూశాడు. అరిగిన బేరింగు లోహం ఉంటే నలకలు మెరుస్తాయి, మెరవలేదు. వాసన చూశాడు, పెట్రోలు వాసన రాలేదు. ఎంత చిక్కగా ఉన్నదో మరొకసారి సాగదీసి చూశాడు. అరిగిపోయిన ఇంజనులో గేరుబాక్సుకు వాడే చిక్కని నూనె పోస్తే కొన్నాళ్ల పాటు పొగ తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది, కొనేవాడి అనుమానం కూడా తగ్గుతుంది. ఇది బేరగాళ్ల పురాతన విద్య. ఇక్కడ ఆ విద్య ప్రయోగించినట్లు లేదు.

వియ్యంకుడుగారు మెట్లమీద నిలబడి ఇదంతా చూస్తున్నారు. ముఖంలో కోపం లేదు, నవ్వు కూడా లేదు.

అటుపిమ్మట మేస్త్రీ డిక్కీలోంచి హ్యాండిలు తెప్పించాడు. ఆ రోజులలో బ్యాటరీ చచ్చిపోతే ముందు నుంచి హ్యాండిలు తిప్పి అంబాసిడర్‌ను లేపేవారు. ఇంజనును స్టార్టు చేయడానికి గాక, నాడి చూడడానికి కూడా అది పనికివస్తుందని మేష్టారికి ఆ రోజే తెలిసింది. తాళం తిప్పకుండా, హ్యాండిలును మెల్లగా తిప్పుతూ పోతే ప్రతి అర్ధవలయానికీ ఒక సిలిండరు గాలిని అదిమే వంతు వస్తుంది. అప్పుడు చేతికి ఒక ఎదురు తోపు తగులుతుంది. నాలుగు సిలిండర్లూ ఆరోగ్యంగా ఉంటే నాలుగు తోపులూ సమానంగా ఉండాలి.

మేస్త్రీ నాలుగైదు చుట్లు తిప్పి, “మేష్టారూ, మీరు ఒకసారి పట్టుకోండి” అన్నాడు.

మేష్టారు తిప్పారు. మొదటి తోపు గట్టిగా తగిలింది. రెండవది మెత్తగా జారిపోయింది. మూడవది గట్టిగా, నాలుగవది మెత్తగా. మళ్లీ తిప్పితే మళ్లీ అదే వరస – ఒకటి గట్టి, ఒకటి మెత్తన. కాలు కుంటేవాడి నడకలాగా ఉంది.

1876లో జర్మనీ దేశస్థుడు నికొలాస్ ఓటో తయారుచేసి చూపిన నాలుగు స్ట్రోకుల ఇంజను పటాన్ని మేష్టారు ముప్పయి ఒక్క సంవత్సరాలు ఏటేటా నల్లబల్ల మీద గీశారు. గాలినీ పెట్రోలు ఆవిరినీ పీల్చుకొనడం, అదమడం, మండించడం, వదలడం – పదవ తరగతి పిల్లలు దానిని ఎక్కంలాగా వల్లించేవారు. నిజానికి మేష్టారు ఒక్క పిస్టన్‌నైనా చేత పట్టుకొని ఎరుగరు. ఇప్పుడు ఆ పటం తన అరచేతిలో కదిలినట్లయింది. చేతి రుమాలుతో చేతులు తుడుచుకొని, జేబులోంచి సుద్దముక్క తీశారు. విరమణ తరువాత కూడా ఆ అలవాటు పోలేదు. అరుగు మీద పరచిన నల్లని కడప బండ మీద 1–3–4–2 అని వ్రాశారు. అంబాసిడర్‌లో సిలిండర్లు మండే వరస అది. అదిమే వరస కూడా అదే. ఒకటి విడిచి ఒకటి బలహీనంగా ఉన్నాయి గనుక దోషం 3, 2 సిలిండర్లలో ఉండాలి, లేదా 1, 4 సిలిండర్లలో ఉండాలి. ఒకటవదీ నాలుగవదీ రెండు కొసల్లో ఉంటాయి. రెండవదీ మూడవదీ పక్కపక్కనే ఉంటాయి. ఇరుగుపొరుగు సిలిండర్లు రెండూ ఒక్కసారే బలహీనపడితే, వాటి మధ్య గోడ మీద ఉన్న హెడ్ గ్యాస్కెటు కాలిపోయి ఒకదాని గాలి ఒకదానిలోకి పోతున్నదేమో!

మేస్త్రీ ఆ బండ వైపు చూసి తల ఊపాడు. “చదువుకొన్నవాళ్లు కాగితం మీద పట్టేస్తారు. కాని ఇంజనును కూడా అడగాలి” అన్నాడు.

ఇంజను స్టార్టయింది. పొగ రంగును బట్టి రోగం చెప్పడం మెకానిక్కుల ప్రథమ పాఠం. నీలిపొగ నూనె కాలుతున్నదని చెబుతుంది. నల్లపొగ పెట్రోలు ఎక్కువవుతున్నదని. ఇంజను వేడెక్కిన తరువాత కూడా ఆగని తెల్లపొగ నీరు లోపలికి దిగుతున్నదని. సైలెన్సరు గొట్టం నుంచి మొదట కొద్దిగా బూడిదరంగు పొగ వచ్చి ఆగిపోయింది. మేస్త్రీ నూనె మూతను తిరగేసి దాని రంధ్రం మీదనే వదులుగా ఉంచాడు. సిలిండర్లు, రింగులు అరిగిన ఇంజనులో మండిన వాయువు పిస్టన్లను దాటి కిందికి దిగి, ఆ రంధ్రం గుండా బుసబుసమని పైకి వస్తుంది. దీనినే షెడ్లలో ‘బ్యాక్ కంప్రెషన్’ అంటారు. అది ఎక్కువగా ఉంటే ఆ మూత గంతులు వేస్తుంది. ఇక్కడ మూత కాస్త వణికింది, అంతే. మేస్త్రీ ముఖం తొలిసారి విప్పారింది. “రింగులు బతికే ఉన్నాయి” అన్నాడు మెల్లగా.

తరువాత పొడవాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకొన్నాడు. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి బిడియపడి, కాగితాన్ని గొట్టంలా చుట్టి దాని గుండా గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు పుట్టుకకు మూలం ఆ బిడియమే. స్క్రూడ్రైవరు కూడా అటువంటిదే. బేరింగు వదులైతే లోతునుంచి సుత్తితో కొట్టినట్లు మోత వస్తుంది. టప్పెట్ల సందు ఎక్కువైతే పైన టకటక వస్తుంది. ఇక్కడ టప్పెట్ల టకటక తప్ప లోతు మోత లేదు. అయితే అతడు వంగి కార్బురేటరు వద్ద ఒక చిన్న మరను అర చుట్టు వెనక్కు తిప్పగానే, అంతవరకు సాఫీగా గురగురలాడిన ఇంజను జ్వరం వచ్చినట్లు వణకడం మొదలుపెట్టింది. ఎవరో దాని నిదాన వేగాన్ని పెంచి ఉంచారు. వేగం పెంచితే కుంటితనం కనబడదు.

“డ్రైవరు చేసి ఉంటాడు, కార్బురేటరు శుభ్రం చేస్తే సరిపోతుందన్నాడు” అన్నారు వియ్యంకుడుగారు. ఆయన మెట్లు దిగి దగ్గరకు వచ్చారు.

ఆ తరువాత బందరు రోడ్డు మీద కొంతదూరం పోయి వచ్చారు. కృష్ణా డెల్టాలో కొండలు లేవు. ఎక్కి దిగడానికి కాలువ వంతెనలే గతి. వంతెన దిగేటప్పుడు యాక్సిలరేటరు మీద కాలు తీసి, దిగాక ఒక్కసారి నొక్కితే వెనుక నీలిపొగ వస్తుందేమోనని మేస్త్రీ అద్దంలో చూశాడు. రాలేదు. ఎక్కేటప్పుడు మాత్రం బండి ఈడ్చింది.

ఇక ఖాకీ సంచి విప్పవలసిన ఘడియ వచ్చింది. అందులో గడియారం ముఖం లాంటిది ఉన్న ఒక కంప్రెషన్ గేజి, ప్లగ్గుల పానా, పాత దినపత్రిక ఉన్నాయి. ఇంజను వేడిగా ఉన్నప్పుడే ఈ పరీక్ష జరగాలి. నాలుగు ప్లగ్గులూ విప్పి, కాయిలు తీగ ఊడదీసి, ఒక్కొక్క రంధ్రంలో గేజిని గట్టిగా అదిమిపట్టాలి. కారులో ఒకరు కూర్చొని యాక్సిలరేటరును పూర్తిగా తొక్కి, సెల్ఫ్ కొట్టాలి. ప్రతి సిలిండరుకూ ఒకే లెక్కన చుట్లు తిరగాలి. గేజి చూపే అంకె ఎంత అన్నదానికన్నా నాలుగు అంకెల మధ్య తేడా ఎంత అన్నది ముఖ్యం. నూటికి పది వంతుల తేడా వరకు ఫరవాలేదంటారు.

సెల్ఫ్ కొట్టడానికి డ్రైవరు ముందుకు వచ్చాడు. మేస్త్రీ అతడిని ఆపి, వియ్యంకుడుగారి వైపు తిరిగి వినయంగా అన్నాడు: “బాబుగారూ, పదేళ్లు మీరు ఎక్కిన బండి. మీరు కూర్చొని కొట్టండి.”

ఆయన ఒక క్షణం తటపటాయించి, పంచె సర్దుకొని కూర్చొన్నారు. యజమాని సెల్ఫ్ కొడుతున్నాడు, మెకానిక్కు గేజి పట్టుకొన్నాడు, కొనేవాడు సుద్దతో అంకెలు వ్రాస్తున్నాడు. ఎవరు ఎవరిని పరీక్షిస్తున్నారో చెప్పడం కష్టమయింది. కడప బండ మీద నాలుగు అంకెలు పడ్డాయి: 118, 82, 80, 120.

మేస్త్రీ రెండవ, మూడవ సిలిండర్లలో ఒక్కొక్క చెంచా ఇంజనాయిలు పోసి మళ్లీ చూశాడు. రింగులు అరిగి గాలి కారుతున్నట్లయితే నూనె ఆ సందును కాసేపు పూడ్చి అంకెను పైకి లేపుతుంది. అంకెలు దాదాపు కదలలేదు. దోషం కింద లేదు, పైన ఉంది: వాల్వులైనా కావాలి, గ్యాస్కెటైనా కావాలి. పత్రిక మీద వరుసగా పేర్చిన ప్లగ్గులు కూడా అదే సాక్ష్యం చెప్పాయి. కొసల రెండూ బిస్కట్ రంగులో ఉన్నాయి. నడిమి రెండూ పొడిమసితో నల్లబడ్డాయి. నూనె తడి మాత్రం దేనికీ లేదు.

వియ్యంకుడుగారు కారు దిగి వచ్చి బండ ముందు నిలబడ్డారు. ఆ అంకెలకు అర్థం ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేకపోయింది. మేష్టారు సుద్దముక్కను వేళ్లమధ్య తిప్పుతూ నేల చూస్తున్నారు. డ్రైవరు తన కాలి బొటనవేలు చూసుకొంటున్నాడు.

“రెండు పాసు, రెండు ఫెయిలా బావగారూ?” అన్నారు వియ్యంకుడుగారు.

“ఫెయిలు కాదండీ. సప్లిమెంటరీ” అన్నారు మేష్టారు.

ఆయన నవ్వలేదు గాని, అరుగు మీద కూర్చొన్నారు. రెండేళ్ల క్రితం వేసవిలో బందరు నుంచి వస్తుండగా ఫ్యాను బెల్టు తెగి, నీళ్లు మరిగిపోయి, ఇంజను ఆగిపోయిందట. తాను ఆ రోజు కారులో లేరట. బాగుచేయించామని చెప్పారట. నిజంగా ఏమి చేయించారో తాను అడగలేదట. కారు గురించి అంతకు మించి తనకు తెలియదని చెప్పడానికి ఆయనకు కొంత సమయం పట్టింది. ఒకరి పెద్దరికం మీద మచ్చ పడకుండా ఆ మాటలు బయటికి రావడానికి బహుశా ఆ అంకెలే తోడ్పడ్డాయి. అంకెలు ఎవరినీ నిందించవు.

అంతలో కోడలు కాఫీ గ్లాసులు తెచ్చింది. తండ్రి చేతిలో సుద్ద, బండ మీద అంకెలు చూసి ఒక్క క్షణం ఆగింది. “అరుగు కడిగేయమంటారా మామయ్యగారూ?” అని అడిగింది.

“ఉండనీ అమ్మా, లెక్క ఇంకా పూర్తి కాలేదు” అన్నారాయన. తరువాత మేష్టారి వైపు తిరిగి, “బండిని బెజవాడ పంపుతాను. మీ మేస్త్రీ షెడ్డులోనే హెడ్డు విప్పించండి. గ్యాస్కెటు మాత్రమే అయితే ఖర్చు నాది, బండి మీది. లోపల బోరు పోయిందని తేలితే బండి నా ఇంటికే వస్తుంది. డబ్బు మాట అప్పటిదాకా వద్దు” అన్నారు.

బుధవారం నాడు ఆటోనగర్‌లో హెడ్డు విప్పారు. రెండవ, మూడవ సిలిండర్ల మధ్య గ్యాస్కెటు సన్నని పట్టీ కాలి, వేలెడు పొడవున నల్లని దారి ఏర్పడి ఉంది. వేడికి హెడ్డు కొద్దిగా వంగింది. దానిని లేతు మీద చదును చేయించారు, వాల్వులు నూరించారు. మేస్త్రీ మేష్టారి చేయి పట్టుకొని సిలిండరు లోపల పై అంచు కింద గోటితో తడిమించాడు. పిస్టన్ రింగు ఏళ్ల తరబడి తిరిగిన చోట గోడ అరిగి, తిరగని పై భాగం గట్టులా మిగిలిపోతుంది. గోరు ఆ గట్టుకు తగిలి ఆగితే ఇంజను బోరుకు దగ్గరపడినట్లు. మేష్టారి గోరు ఆగలేదు. ముప్పయి ఒక్క సంవత్సరాలు గీసిన పటం లోపల ఆయన వేలు పెట్టడం అదే మొదలు. మొత్తం ఖర్చు, రింగులూ పిస్టన్లూ మార్చి బోరు చేయించడానికి అయ్యేదానిలో పదోవంతు కూడా కాలేదు. పరీక్ష లేకుండా కొని ఉంటే, కాలిన సందు నెలనెలా పెరిగి, ఆ మండే వాయువు హెడ్డునూ బ్లాకునూ కూడా కోసివేసేది. పరీక్షకు జంకి బేరమే వదులుకొని ఉంటే, ఒక మంచి ఇంజను చేజారిపోయేది.

ఈనాడు అటువంటి పరీక్షలకు సాధనాలు ఎన్నో వచ్చాయి. ప్లగ్గు రంధ్రంలోంచి సన్నని తీగ కొసన ఉన్న కెమెరాను దించి, సిలిండరు గోడలనూ పిస్టన్ తలనూ తెర మీద చూడవచ్చు. కొత్త తరం కార్ల కంప్యూటరుకు చిన్న యంత్రం తగిలిస్తే అది తన జబ్బుల చిట్టా తానే చదువుతుంది. అయితే ఆ చిట్టాను అమ్మకానికి ముందు తుడిచివేయడం కూడా అంతే సులభం. కంప్రెషన్ గేజి అంకెను తుడిచివేయడం ఎవరికీ సాధ్యం కాదు. అంబాసిడర్ తయారీ 2014లో ఉత్తరపాడా కర్మాగారంలో నిలిచిపోయింది. హ్యాండిలు పెట్టే రంధ్రం ఇప్పటి కార్లలో లేదు. చల్లని ఇంజనును చూడాలన్న నియమం మాత్రం మారలేదు. నేటికీ చాలామంది అమ్మకందార్లు కొనేవాడు రాకముందే ఇంజనును వేడిచేసి ఉంచుతారు. అందరూ మర్యాద కోసమే అలా చేస్తారని అనుకోవడానికి వీలులేదు.

కుర్రవాడు ఆ కారును తెనాలి స్టేషను వద్ద పదకొండు సంవత్సరాలు నడిపాడు. ఇద్దరు వియ్యంకుల మధ్య కారు ప్రసక్తి చాలాకాలం రాలేదు. సంక్రాంతికి వచ్చినా, దసరాకు వచ్చినా, వియ్యంకుడుగారు దాని పక్కనుంచే నడిచిపోయేవారు గాని దానివైపు తిరిగి చూసేవారు కారు. ఆ మౌనం మేష్టారికి ముల్లులా గుచ్చుకొనేది.

1990 వేసవిలో గుడివాడ నుంచి ఒక కార్డు వచ్చింది. వియ్యంకుడుగారు పొలాలమీద తిరగడానికి ఒక పాత జీపు కొనదలచారు. బేరం ఏలూరులో ఉంది. మేష్టారు తప్పక వెంటరావాలి, ఆటోనగర్ మేస్త్రీని కూడా తీసుకురావాలి, అతడు ఖాకీ సంచి మరచిపోకుండా చూడాలి. కార్డు చివర చోటు చాలక అంచు వెంబడి నిలువుగా మరొక వాక్యం వ్రాశారు: ‘అమ్మేది మా పెద్దమ్మాయి మామగారు. ఇంజను సంగతి నేను అడిగితే బాగుండదు, మీరైతే పరాయివారు కనుక ఫరవాలేదు.’